బిగిసిన కండరాలతో వంద మీటర్లు: సెరిబ్రల్ పాల్సీ స్ప్రింటర్ల పోటీలు

సెరిబ్రల్ పాల్సీ ఉన్న క్రీడాకారులు కాళ్ల మీద పరుగెత్తే స్ప్రింట్ పోటీలను పారా అథ్లెటిక్స్‌లో నాలుగు తరగతులుగా నిర్వహిస్తారు: టీ35, టీ36, టీ37, టీ38. ‘టీ’ అంటే ట్రాక్. మొదటి అంకె 3 మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తగ్గినవారిని సూచిస్తుంది. రెండో అంకె ఆ లోపం ఏ తీరున, ఎంత మేర ఉందో చెబుతుంది. ఈ రేసుల్లో కృత్రిమ కాళ్లు ఉండవు, పక్కన పరుగెత్తే గైడ్ ఉండడు, చక్రాల కుర్చీ ఉండదు. ఎవరి లేన్‌లో వాళ్లు నిలబడతారు, తుపాకి పేలుతుంది, పరుగు మొదలవుతుంది. అందుకే టీవీలో చూసేవారికి ‘వీళ్లు బాగానే ఉన్నారుగా, లోపం ఎక్కడుంది’ అన్న సందేహం వస్తుంది. లోపం కాలిలో లేదు, కాలిని నడిపించే మెదడులో ఉంది. ఈ పోటీల నియమాలు, వివాదాలు, శిక్షణ అన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నారు. బిడ్డ కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలినాళ్లలోనో ఎదుగుతున్న మెదడుకు తగిలిన దెబ్బ దీనికి మూలం. నెలలు నిండకుండా పుట్టడం, ప్రసవంలో ఆక్సిజన్ అందకపోవడం, పసికందుకు కామెర్లు ముదిరి మెదడుకు చేరడం, ఇన్‌ఫెక్షన్లు, మెదడులోని రక్తనాళం మూసుకుపోవడం దీనికి దారితీసే కారణాల్లో కొన్ని. వేయి మంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. లండన్ సర్జన్ విలియం లిటిల్ 1860ల్లోనే కష్టకాన్పుకూ పిల్లల కాళ్ల బిగుతుకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. చాలాకాలం వైద్యులు దీన్ని ‘లిటిల్ వ్యాధి’ అనే పిలిచారు. మెదడుకు తగిలిన దెబ్బ ఆ తర్వాత ముదరదు, పూర్తిగా మానదు కూడా. పిల్లలు ఎదిగేకొద్దీ మాత్రం బిగిసిన కండరం ఎముకతో సమానంగా పెరగలేక కీళ్లను వంచేస్తుంది. మొదట్లో మామూలుగానే ఉన్న కాలు, సరైన ఆజ్ఞ అందక ఏళ్లు గడిచేసరికి తానూ మారిపోతుంది.

లోపం ప్రధానంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఎక్కువమందిలో ఉండేది కండరాల బిగుతు, అంటే స్పాస్టిసిటీ. నెమ్మదిగా చాపితే చాపుకొనే మోకాలు, ఒక్కసారిగా చాపబోతే మధ్యలోనే పట్టేస్తుంది. ఎంత వేగంగా సాగదీస్తే కండరం అంత గట్టిగా ఎదురుతిరగడం దీని లక్షణం. రెండోది అథెటోసిస్. ఇందులో మనిషి ప్రమేయం లేకుండానే చేతులు, కాళ్లు, ముఖం మెలికలు తిరుగుతుంటాయి. మనసు ఆందోళన పడితే ఆ కదలికలు ఇంకా పెరుగుతాయి. మూడోది అటాక్సియా, తూకం తప్పడం. అడుగు ఎక్కడ పడాలో అక్కడ పడదు, చెయ్యి చాచిన చోటికి సరిగ్గా చేరదు. ఒకే మనిషిలో రెండు మూడు రూపాలు కలిసి ఉండడమూ మామూలే. ప్రభావం రెండు కాళ్లకే పరిమితం కావచ్చు, శరీరంలో ఒక పక్కకే ఉండవచ్చు, నాలుగు అవయవాలకూ ఉండవచ్చు. నెలలు నిండకుండా పుట్టినవారిలో కాళ్ల బిగుతు, మెదడులో ఒక పక్క రక్తప్రసారం ఆగినవారిలో ఒక పక్క బలహీనత ఎక్కువగా కనిపిస్తాయి.

స్ప్రింట్ అడిగే పనికి ఈ లోపాలు ఎలా అడ్డుపడతాయో చూస్తే, వంద మీటర్ల పరుగు ఎంత కష్టమైన పనో అర్థమవుతుంది. అగ్రశ్రేణి స్ప్రింటర్ సెకనుకు నాలుగుకు పైగా అడుగులు వేస్తాడు. పూర్తి వేగంలో పాదం నేల మీద ఉండేది సెకనులో దాదాపు పదో వంతు మాత్రమే. ఆ క్షణంలో పిరుదు, తొడ, పిక్క కండరాలు ఒక క్రమంలో బిగియాలి, వాటికి ఎదురుగా ఉన్న కండరాలు అదే క్రమంలో వదులు కావాలి. సాధారణంగా మెదడు, వెన్నుపాము కలిసి ఈ బిగింపునూ సడలింపునూ మనిషికి తెలియకుండానే సర్దుతాయి. సెరిబ్రల్ పాల్సీలో దెబ్బతినేది ఈ సర్దుబాటే. తొడ ముందు కండరం మోకాలిని చాపబోతుంటే, వెనక కండరం వదలకుండా లాగుతూనే ఉంటుంది. ఒకే తలుపును ఇద్దరు చెరోవైపు నుంచి తోస్తే ఎలా ఉంటుందో, ఆ మోకాలి పరిస్థితి అలా ఉంటుంది. బలం ఖర్చవుతుంది, కదలిక రాదు.

పైగా స్పాస్టిసిటీకి వేగంతోనే పేచీ. నడకలో సర్దుకుపోయే కాలు పరుగులో మొండికేస్తుంది. తుంటి కండరాలు బిగిసి ఉండడం వల్ల తొడ వెనక్కి పూర్తిగా చాచుకోదు, అడుగు పొడవు తగ్గుతుంది. తొడ లోపలి కండరాలు లాగడం వల్ల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. పిక్క బిగుతు వల్ల మడమ నేలకు ఆనదు. స్ప్రింట్‌లో ఎవరైనా మునివేళ్ల మీదే పరుగెత్తుతారు కాబట్టి ఈ చివరి ఇబ్బంది నడకలో కనిపించినంతగా ఇక్కడ కనిపించదు. అయితే పిక్క సాగి, తిరిగి స్ప్రింగులా నెట్టాల్సిన చోట ముందే బిగుసుకుపోతే ముందుకు తోసే బలం చేజారుతుంది. ఒక పక్క మాత్రమే దెబ్బతిన్నవారి కథ వేరు. బాగున్న కాలు పొడుగ్గా, బలంగా అడుగు వేస్తుంది, రెండో కాలు దాన్ని అందుకోలేదు. మోచెయ్యి మడిచి, పిడికిలి బిగించి, ఆ పక్క చెయ్యి ఛాతీకి అతుక్కుపోతుంది. చేతుల ఊపే పరుగులో నడుముకు తూకం ఇస్తుంది. ఒక చెయ్యి ఊగకపోతే మొండెం పక్కకు తిరుగుతుంది, ఆ తిరుగుడును ఆపడానికి మళ్లీ కొంత శక్తి పోతుంది. కుదురుగా నిలుచున్నప్పుడు కంటికి ఆనని బలహీనత పరుగెత్తించగానే బయటపడుతుంది. స్వల్పంగా ఒక పక్క లోపం ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు వైద్యులు పిల్లల్ని పరుగెత్తించి చూసేది అందుకే.

పోటీలో మొదటి పరీక్ష ఆరంభంలోనే ఎదురవుతుంది. నాలుగు అవయవాల మీద వంగి, కదలకుండా ఉండి, శబ్దం వినగానే లేవడం ఎవరికైనా కష్టమే. అథెటోసిస్ ఉన్నవారికి కదలకుండా ఉండడమే పెద్ద పని, ఎందుకంటే శరీరం వాళ్ల మాట వినకుండానే కదులుతుంది. మెదడు దెబ్బతిన్న కొందరిలో పెద్ద శబ్దానికి ఒళ్లంతా ఉలిక్కిపడి బిగుసుకునే స్వభావం పెద్దయ్యాక కూడా పోదు. పరుగు మొదలుపెట్టమనే తుపాకి శబ్దమే వాళ్లను ఒక క్షణం కట్టిపడేస్తుంది. అందుకే ఈ తరగతులకు వంగి మొదలుపెట్టాలన్న నిబంధన, స్టార్టింగ్ బ్లాకులు వాడాలన్న నిబంధన లేవు. ఇష్టమున్నవారు వాడుకోవచ్చు, లేనివారు నిలబడే పరుగు మొదలుపెట్టవచ్చు. ఒకే రేసులో కొందరు వంగి, కొందరు నిలబడి ఉండడం ఇక్కడ మామూలు దృశ్యం. తర్వాతి పరీక్ష చివరి 30 మీటర్లలో ఎదురవుతుంది. ఎదురుబొదురు కండరాలు పోట్లాడుకోవడం వల్ల ప్రతి అడుగుకూ ఎక్కువ శక్తి ఖర్చయి అలసట త్వరగా వస్తుంది. అలసట వస్తే ఉన్న కొద్ది అదుపూ తగ్గుతుంది. చక్కగా సాగుతున్న పరుగు చివర్లో ఒక్కసారిగా చెదిరిపోవడం ఈ రేసుల్లో తరచు కనిపిస్తుంది. 200 మీటర్లలో దీనికి మలుపు కూడా తోడవుతుంది. ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమ వైపుకే తిరగాలి కాబట్టి, ఎడమ కాలు బలహీనంగా ఉన్నవారికీ కుడి కాలు బలహీనంగా ఉన్నవారికీ మలుపు ఒకేలా ఉండదు.

తరగతుల విభజన ఈ తేడాలను బట్టే ఉంటుంది. టీ35లో ప్రధానంగా రెండు కాళ్లూ, తుంటీ బిగిసినవారు ఉంటారు. చేతులు చాలావరకు బాగుంటాయి. టీ36లో అథెటోసిస్, అటాక్సియా వంటివి నాలుగు అవయవాలనూ ప్రభావితం చేసినవారు పోటీపడతారు. టీ37 ఒక పక్క దెబ్బతిన్నవారిది. టీ38లో లోపం తక్కువ స్థాయిలో ఉన్నవారు, కానీ పరుగును స్పష్టంగా దెబ్బతీసేంత ఉన్నవారు ఉంటారు. అంకె పెరిగేకొద్దీ లోపం తగ్గుతుందని స్థూలంగా చెప్పవచ్చు గానీ, గడియారం ఆ లెక్కకు ఎప్పుడూ కట్టుబడదు. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల టీ35ను దిమిత్రీ సఫ్రోనోవ్ 11.39 సెకన్లలో గెలిచాడు. టీ36 విజేత, చైనాకు చెందిన డెంగ్ పేచెంగ్‌కు 11.85 సెకన్లు పట్టింది. మహిళల్లోనూ అదే కథ. టీ35లో చైనా స్ప్రింటర్ ఝౌ షియా 13.00 సెకన్లతో ప్రపంచ రికార్డు పెడితే, టీ36లో అదే దేశానికి చెందిన షీ ఇటింగ్ 13.61తో ప్రపంచ రికార్డు పెట్టింది. కాళ్లు బిగిసినా చేతులూ నడుమూ మాట వినేవారు, ఒళ్లంతా అదుపు తప్పేవారికన్నా వేగంగా పరుగెత్తగలరని ఈ అంకెలు చెబుతున్నాయి. కాబట్టి ఒక తరగతి సమయాన్ని మరో తరగతి సమయంతో పోల్చి ఎవరు గొప్ప అని తేల్చడం అర్థం లేని పని.

పై తరగతుల్లో వేగం ఆశ్చర్యపరిచే స్థాయికి చేరింది. ఆస్ట్రేలియాకు చెందిన ఇవాన్ ఓహాన్లన్ 2008 బీజింగ్‌లో టీ38 100, 200 మీటర్లు గెలిచి, 2012 లండన్‌లో రెండింటినీ నిలబెట్టుకున్నాడు. లండన్‌లో అతని 100 మీటర్ల సమయం 10.79 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. 2016 రియోలో చైనా స్ప్రింటర్ హు జియాన్‌వెన్ 10.74తో దాన్ని దాటాడు. 2024 పారిస్‌లో అమెరికాకు చెందిన జేడిన్ బ్లాక్‌వెల్ 10.64కు తెచ్చాడు. ఏ లోపమూ లేని స్ప్రింటర్లలో ఉసేన్ బోల్ట్ ప్రపంచ రికార్డు 9.58. మెదడు మాట సగమే వినే కండరాలతో, మనిషి పరుగెత్తిన అత్యధిక వేగానికి సుమారు ఒక సెకను దూరంలోకి రావడం మామూలు విషయం కాదు. టీ38 మహిళల్లో బ్రిటన్‌కు చెందిన సోఫీ హాన్ రియోలోనూ టోక్యోలోనూ 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. పారిస్‌లో కొలంబియా స్ప్రింటర్ కరెన్ పాలోమెకే 12.26 సెకన్లతో కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

ఎవరు ఏ తరగతిలో పరుగెత్తాలో నిర్ణయించే ప్రక్రియను వర్గీకరణ అంటారు. ఈ క్రీడలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. శిక్షణ పొందిన డాక్టరు లేదా ఫిజియోథెరపిస్టు, క్రీడా సాంకేతిక నిపుణుడు కలిసి ఒక బృందంగా క్రీడాకారుణ్ని పరీక్షిస్తారు. ముందు వైద్య పత్రాలు చూస్తారు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి కీళ్లను నెమ్మదిగానూ వేగంగానూ కదిపి, కండరం ఎక్కడ పట్టేస్తోందో చేతితో తెలుసుకుంటారు. ఆ బిగుతును కొలవడానికి ఆష్‌వర్త్ స్కేలు అనే కొలమానం వాడతారు. తర్వాత ఒంటికాలిపై నిలబడమంటారు, గెంతమంటారు, పక్కకు అడుగులు వేయమంటారు, పరుగెత్తమంటారు. అవసరమైతే చివరికి అసలు పోటీలో పరుగెత్తుతున్నప్పుడు గమనిస్తారు. బల్ల మీద కనిపించిన లోపానికీ రేసులో కనిపించిన పరుగుకూ పొంతన కుదరాలి. కొందరికి తరగతి స్థిరంగా ఖరారవుతుంది. మరికొందరిని మళ్లీ పరీక్షించాలని రాసి ఉంచుతారు.

చెయ్యి ఎక్కడ తెగిందో టేపుతో కొలవచ్చు. బిగుతును అలా కొలవలేరు. అది చలికి పెరుగుతుంది, ఆందోళనకు పెరుగుతుంది, అలసటకు మారుతుంది. ఒకే మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండవచ్చు. కావాలని నెమ్మదిగా కదిలి, లోపం ఎక్కువగా ఉన్నట్టు చూపించే అవకాశమూ ఈ తరగతుల్లోనే ఎక్కువ. అలా దొరికినవారిపై నిషేధం విధించే నిబంధనలు ఉన్నాయి. కానీ నటనకూ నిజమైన హెచ్చుతగ్గులకూ మధ్య గీత గీయడం కష్టం. ఇంకో చిక్కు శిక్షణది. బాగా సాధన చేసి బలం పెంచుకున్న స్ప్రింటర్‌ను ‘నీ లోపం తగ్గింది’ అంటూ పై తరగతికి పంపితే, కష్టపడినందుకు శిక్ష వేసినట్టే. సాధన చేయని మనిషి కింది తరగతిలో హాయిగా గెలిచిపోతాడు. వర్గీకరణ కొలవాల్సింది లోపాన్నే గానీ ప్రదర్శనను కాదన్న సూత్రాన్ని షాన్ ట్వీడీ, ఈవ్ వాన్‌లాండెవైక్ అనే శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పత్రంలో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ తరఫున స్పష్టంగా రాశారు. ఆ సూత్రం న్యాయమైనదే. దాన్ని అమలు చేయగల కచ్చితమైన కొలతలు మాత్రం ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ట్వీడీ బృందం ఆ పనిమీదే ఏళ్లుగా ఉంది.

తరగతి మారితే క్రీడాజీవితమే మారిపోతుంది. అమెరికన్ నిక్ మేహ్యూ టోక్యోలో టీ37 100 మీటర్లను 10.95 సెకన్లలో, 200 మీటర్లను 21.91 సెకన్లలో గెలిచాడు. రెండూ ప్రపంచ రికార్డులే. తర్వాతి కాలంలో అతణ్ని టీ38కి మార్చారు. పాత తరగతిలో తిరుగులేని మనిషి కొత్త తరగతిలో నలుగురిలో ఒకడయ్యాడు. అతనికి మెదడులో లోపం ఉందని తెలిసిందే 14 ఏళ్ల వయసులో, ఒకసారి మూర్ఛ వచ్చాక. అప్పటిదాకా అతని ఎడమ పక్క ఎందుకు మాట వినదో ఎవరికీ తెలియదు.

టీ35 నుంచి టీ38 వరకు ఉన్న తరగతులు సెరిబ్రల్ పాల్సీకి మాత్రమే పరిమితం కావని కూడా గుర్తుంచుకోవాలి. పెద్దయ్యాక పక్షవాతం వచ్చినవారు, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారు కూడా అదే రకమైన బిగుతూ తూకం లోపమూ ఉంటే ఇక్కడే పోటీపడతారు. రియోలో టీ38 400 మీటర్ల స్వర్ణం గెలిచిన బ్రిటన్ క్రీడాకారిణి కదీనా కాక్స్‌కు ఉన్నది మల్టిపుల్ స్క్లెరోసిస్. జబ్బు పేరు ఏదైనా, అది పరుగుకు తెచ్చే నష్టమే లెక్క.

ఈ సూత్రం తెలుగు రాష్ట్రాల్లోని తల్లిదండ్రులకు ముఖ్యంగా తెలియాల్సింది. సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య శాతం పింఛనుకూ రిజర్వేషన్లకూ పనికొస్తుంది. చట్టం ప్రకారం వాటికి 40 శాతం గీత ఉంది. క్రీడా తరగతి ఆ శాతాన్ని బట్టి రాదు. ఒకే శాతం ఉన్న ఇద్దరు పిల్లలు వేర్వేరు తరగతుల్లో పడవచ్చు, ఒకరికి అసలు అర్హతే రాకపోవచ్చు.

చరిత్ర విషయానికి వస్తే, 1960లో రోమ్‌లో మొదలైన పారాలింపిక్స్ మొదట్లో వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్నవారికే పరిమితం. 1976లో టొరంటోలో అవయవాలు కోల్పోయినవారికీ చూపు లేనివారికీ చోటు దొరికింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు 1980లో, నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ క్రీడల్లో అడుగుపెట్టారు. అంతకు రెండేళ్ల ముందు, 1978లో, వాళ్ల క్రీడలకు సీపీ-ఇస్రా అనే ప్రత్యేక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఆ సంఘం పెట్టిన ఎనిమిది తరగతుల్లో చివరి నాలుగే నేటి టీ35, 36, 37, 38లకు మూలం. ఫుట్‌బాల్ నుంచి కూడా ట్రాక్‌కు మనుషులు వచ్చారు. జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే సెరిబ్రల్ పాల్సీ ఫుట్‌బాల్‌ను రియో తర్వాత పారాలింపిక్స్ నుంచి తీసేశారు. నిక్ మేహ్యూ, టీ36లో ఛాంపియన్ అయిన ఆస్ట్రేలియన్ జేమ్స్ టర్నర్ ఇద్దరూ తమ దేశాల తరఫున ఆ ఆట ఆడినవారే. టోక్యోలో యూనివర్సల్ రిలే కూడా చేరింది. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి పరుగెత్తే ఈ రిలేలో మూడో విడత పరుగు టీ35–38 తరగతుల వారిది. బ్యాటన్ ఉండదు, తర్వాతి వారిని చేత్తో తాకితే చాలు. బిగిసిన పిడికిలితో బ్యాటన్ అందుకోవడం ఎంత కష్టమో తెలిసినవారికి ఈ చిన్న నియమం విలువ అర్థమవుతుంది.

భారత్‌కు పారాలింపిక్స్ ట్రాక్ పోటీల్లో తొలి పతకం తెచ్చింది ఈ తరగతుల స్ప్రింటరే. అంతకుముందు మన పారా అథ్లెట్లు త్రోల్లోనూ జంపుల్లోనూ పతకాలు గెలిచారు గానీ, పరుగులో ఒక్కటీ రాలేదు. 2024 ఆగస్టు 30న పారిస్‌లోని స్టాద్ ద ఫ్రాన్స్‌లో ఉత్తరప్రదేశ్ అమ్మాయి ప్రీతి పాల్ 100 మీటర్ల టీ35ను 14.21 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచింది. ముందున్న ఇద్దరూ చైనా స్ప్రింటర్లే, ఝౌ షియా, గువో చియాన్‌చియాన్. రెండు రోజుల తర్వాత 200 మీటర్లలోనూ 30.01 సెకన్లతో ప్రీతికి కాంస్యం దక్కింది. చిన్నతనంలో కాళ్లు నిలబెట్టడానికి ఏళ్ల తరబడి కాలిపర్లు వేసుకున్న అమ్మాయి ఆమె. ఏడాది ముందు హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో నాలుగో స్థానంతో పతకానికి దూరమైంది. ఆ తర్వాత ఢిల్లీలో కోచ్ గజేంద్ర సింగ్ దగ్గర ఆరంభాన్నీ పరుగు తీరునూ సరిదిద్దుకుంది. 2025లో ఢిల్లీలో తొలిసారి జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్లలో రజతం, 200 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఆమెకన్నా ముందు 2018 జకార్తా ఆసియా పారా క్రీడల్లో నారాయణ్ ఠాకూర్ పురుషుల టీ35 100 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. హాంగ్జౌలో అతనితోపాటు టీ37 స్ప్రింటర్ శ్రేయాంశ్ త్రివేది కూడా కాంస్యాలు అందుకున్నాడు.

పారిస్‌లోనే 400 మీటర్ల కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని కొందరు ఈ కోవలోనే చేర్చి మాట్లాడుతుంటారు. ఆమె తరగతి టీ20, అది మేధోపరమైన లోపానికి సంబంధించినది. సెరిబ్రల్ పాల్సీ వేరు. మెదడులో కదలికలను నడిపే భాగం దెబ్బతిన్నంత మాత్రాన తెలివితేటలు తగ్గాలని లేదు. మాట తడబడుతుంది కాబట్టి తెలివి లేదనుకుని బడికి పంపని ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ పొరపాటు ఖరీదు పిల్లలే చెల్లిస్తున్నారు.

శిక్షణ విషయంలో ఒక పాత భయం చాలాకాలం రాజ్యమేలింది. బిగిసిన కండరానికి బరువులు ఎత్తిస్తే బిగుతు ఇంకా పెరుగుతుందని గత శతాబ్దంలో చాలామంది ఫిజియోథెరపిస్టులు నమ్మేవారు. అందుకే బలం పెంచే వ్యాయామాలను ఈ పిల్లలకు దూరంగా ఉంచారు. 1990ల నుంచి అమెరికాలో డయాన్ డమియానో వంటి పరిశోధకులు ఆ నమ్మకాన్ని పరీక్షించి చూశారు. సరైన పద్ధతిలో బలం పెంచితే బిగుతు పెరగదని, బిగిసిన కండరం లోపల బలహీనంగా కూడా ఉంటుందని, బలం పెరిగితే కదలిక మెరుగవుతుందని తేలింది. నేటి స్ప్రింటర్ల వ్యాయామశాల సాధనకు పునాది ఆ మార్పే. కోచ్‌లు మరికొన్ని విషయాలు గమనిస్తారు. ఒళ్లు వేడెక్కించే సమయం ఎక్కువ కావాలి, చలిలో ఇంకా ఎక్కువ కావాలి. ఒక కదలికను ఎక్కువసార్లు, తక్కువ వేగంతో మొదలుపెట్టి నేర్పాలి. అదుపు తప్పిందని కనిపించిన వెంటనే ఆ పూటకు వేగపు సాధన ఆపాలి, ఎందుకంటే అలసిన ఒంటికి తప్పు కదలికే అలవాటవుతుంది. ఒక పక్క లోపం ఉన్నవారికి రెండు కాళ్లనూ ఒకేలా చేయాలని పట్టుబట్టకుండా, వాళ్ల శరీరానికి కుదిరిన లయను వెతికి పట్టుకోవాలి. పుస్తకంలోని అందమైన పరుగు తీరు ఇక్కడ లక్ష్యం కాదు, గీతను ముందుగా దాటించే పరుగు తీరు కావాలి.

కాళ్ల మీద పరుగెత్తలేనంత లోపం ఉన్నవారికీ స్ప్రింట్ ఉంది. టీ33, టీ34 తరగతుల వారు మూడు చక్రాల రేసింగ్ కుర్చీల్లో 100 మీటర్లు పోటీపడతారు. టీ34లో బ్రిటన్‌కు చెందిన హన్నా కాక్‌రాఫ్ట్ 2012 నుంచి నాలుగు పారాలింపిక్స్‌లోనూ 100 మీటర్ల స్వర్ణం వదల్లేదు. ఇంకో పద్ధతి ఫ్రేమ్ రన్నింగ్. మూడు చక్రాల చట్రం మీద సీటు, ఛాతీని ఆన్చుకునే పలక ఉంటాయి, పెడల్ ఉండదు. శరీర భారాన్ని చట్రం మోస్తే, క్రీడాకారుడు నేలను కాళ్లతో తన్నుతూ ముందుకు పోతాడు. 1991లో డెన్మార్క్‌లో కోనీ హాన్సెన్, మన్సూర్ సిద్దీఖీ దీన్ని రూపొందించారు. ఇప్పుడు టీ71, టీ72 అనే తరగతులతో ఇది ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో భాగం. ఆసరా లేకుండా నిలబడలేని పిల్లలకు కూడా పరుగు రుచి చూపించే క్రీడ ఇది, మన దేశంలో ఇంకా చాలామందికి తెలియదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు మొదట చేరేది సాధారణంగా జిల్లా ఆస్పత్రుల్లోని సత్వర చికిత్స కేంద్రాలకూ మండలాల్లోని భవిత కేంద్రాలకూ. అక్కడ ఫిజియోథెరపీ దొరుకుతుంది. ట్రాక్ మీదికి రావాలంటే మరికొన్ని మెట్లు ఎక్కాలి. సదరం ధ్రువపత్రం, కేంద్రం ఇచ్చే విశిష్ట వైకల్య గుర్తింపు కార్డు, న్యూరాలజిస్టు రాసిన రోగ నిర్ధారణ పత్రం చేతిలో ఉండాలి. రాష్ట్ర పారా క్రీడా సంఘం పోటీల్లో పాల్గొని, భారత పారాలింపిక్ కమిటీ నిర్వహించే జాతీయ పోటీలకు అర్హత సాధించాలి. జాతీయ స్థాయిలో ఇచ్చే తరగతి దేశం లోపలికే చెల్లుతుంది. విదేశాల్లో పరుగెత్తాలంటే అంతర్జాతీయ బృందం మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తుంది. జాతీయ తరగతి అక్కడ మారిపోవచ్చు. అందువల్ల అనుభవమున్న కోచ్‌లు కుర్రాళ్లను ఒకే దూరానికి కట్టిపడేయరు. తరగతి మారితే కార్యక్రమంలో ఉండే రేసులూ మారతాయి. పారిస్‌లో పురుషుల టీ35కు 100, 200 మీటర్లు ఉండగా, టీ38కు 100, 400 మీటర్లు ఉన్నాయి.